తెర కడితే సరిపోలేదు

మా కమ్యూనిటీ ఆర్కెస్ట్రాలో పదకొండేళ్లుగా వయోలా (వయోలిన్ కంటే కాస్త పెద్ద వాద్యం) వాయిస్తున్నాను. ఎవరికీ జీతాలు ఉండవు. వారానికి ఒక సాయంత్రం రిహార్సల్, ఏడాదికి నాలుగు కచేరీలు. "వాయించడం వచ్చిన ఎవరైనా రావచ్చు" అని మా కరపత్రాల మీద ఎప్పుడూ ఉంటుంది. ఒకసారి కచేరీ అయ్యాక తీసిన గ్రూప్ ఫోటో చూస్తుంటే మనసు చివుక్కుమంది. అరవై మందిలో దాదాపు అందరం ఒకే రకం ఇళ్ల నుంచి, ఒకే రకం బడుల నుంచి వచ్చినవాళ్లమే.

కమిటీలో ఈ మాట ఎత్తితే "మనం ఎవర్నీ రావద్దనలేదు కదా" అన్నారు. అదీ నిజమే. వాదన పెంచకుండా ఒక్కటే అడిగాను: వాయించేది ఎవరో కనపడకుండా, వాయింపు మాత్రమే వినపడేలా ఆడిషన్లకు తెర కడదాం. బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా 1952లోనే ఆ పని చేసింది. కొత్తవాళ్లకు తలుపులు తెరవడం పేరుమోసిన ఆర్కెస్ట్రాలకు కూడా చిన్న విషయం కాదు. బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌లో మొదటి మహిళ చేరింది 1982లో. వియన్నా ఫిల్హార్మోనిక్ మహిళలను అధికారికంగా సభ్యులుగా తీసుకున్నది 1997లో.

తెర కట్టాం, నేల మీద తివాచీ పరిచాం. అయినా మొదటి అభ్యర్థి తివాచీ దాకా వచ్చేలోపే ఎత్తు మడమల చెప్పుల చప్పుడు టకటకా వినపడి, వచ్చింది ఆడమనిషని తెలిసిపోయింది. ఆ తర్వాత అందరినీ గుమ్మం దగ్గరే చెప్పులు, బూట్లు విడిచి రమ్మన్నాం. నాలుగో నంబరు వయోలిన్ వింటూ, ఈ మధ్యే చదువు ముగించిన కుర్రాడెవరో అనుకున్నాను. శ్రుతి అంత శుద్ధంగా ఉంది, విల్లులో అంత ధైర్యం ఉంది. తెర తీశాక చూస్తే డెబ్బైకి దగ్గర పడిన పెద్దావిడ. ముందే చూసి ఉంటే నేను అంత శ్రద్ధగా వినేదాన్ని కాదు. ఒప్పుకోవడం కష్టంగా ఉన్నా అది నిజం.

కానీ రెండు విడతల ఆడిషన్లు అయ్యాక నాకు అసలు సంగతి అర్థమైంది. తెర వెనక్కి వస్తున్నవాళ్లే మారలేదు. దరఖాస్తు పట్టుకెళ్లి తిరిగి ఇవ్వనివాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. బసూన్ అనే పొడవాటి ఊదే వాద్యం నేర్చుకున్న ఒకమ్మాయి చెప్పిన మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. ఆమె వాయించింది బడి వాద్యం. చదువు అయిపోయిన రోజే తిరిగి ఇచ్చేసింది, మళ్లీ ముట్టుకోలేదు. షిఫ్టు పని వల్ల ఒకరికి సాయంత్రాలు కుదరవు. ఇంకొకరు చక్రాల కుర్చీలో ఉంటారు, మా వేదికకేమో మెట్లు తప్ప దారి లేదు. "మీ గురువు ఎవరు?" అన్న ప్రశ్న చూసే ఆగిపోయానని ఇంకొకరన్నారు.

ఆ ప్రశ్న తీసేయడానికి అయిదు నిమిషాలు పట్టింది. మిగతావాటికి రెండేళ్లు. ఒక్కరే ప్రధానంగా వాయించే కాంచెర్టో వాయించమనడం మానేసి, మేం నిజంగా వాయించే సింఫనీల్లోంచి, అంటే ఆర్కెస్ట్రా అంతా కలిసి వాయించే పెద్ద రచనల్లోంచి, చిన్న భాగాలు ఎంచి ఆరు వారాల ముందే పంపాం. సభ్యత్వ రుసుము ఇవ్వగలిగినవాళ్లే ఇస్తారు. వేదికకు ర్యాంపు వచ్చింది. అటకల మీద పడున్న వాద్యాలు అడిగి తెచ్చి, బాగు చేయించి అరువుకు ఇస్తున్నాం.

చూపు తక్కువున్న ఒక చెల్లో వాద్యకారుడు చేరినప్పుడు స్కోరు, అంటే స్వరాలు రాసిన కాగితాలు, పెద్దది చేసి ఇస్తే చాలనుకున్నాం. పెద్ద కాగితాలు స్టాండు మీంచి జారిపోయేవి, రాగం మధ్యలో పేజీ తిప్పాల్సి వచ్చేది. పైగా చివరి రిహార్సల్‌లో పెన్సిల్‌తో మార్చే, విల్లు ఎటు లాగాలో చెప్పే గుర్తులు ఆయన దాకా చేరేవే కావు. ఇప్పుడు ఆ గుర్తులు రెండు వారాల ముందే ఖాయం చేసి లావుగా, నల్లగా వేస్తున్నాం. ఆ తర్వాత పెద్ద అక్షరాల స్కోర్లు ఇంకో అయిదుగురు అడిగారు. ఇన్నాళ్లూ కళ్లు చిట్లించుకునే వాయించారన్నమాట.

పెద్ద గొడవ జరిగింది పాటల ఎంపిక మీద. ఫ్లోరెన్స్ ప్రైస్ మొదటి సింఫనీ వాయిద్దామన్నాను. 1933లో చికాగో సింఫనీ ఆర్కెస్ట్రా దాన్ని వాయించింది. ఒక పేరున్న ఆర్కెస్ట్రా ఒక నల్లజాతి అమెరికన్ మహిళ రాసిన సింఫనీని వాయించడం అదే మొదలు. "జనం రారు" అన్నారు కొందరు. "ప్రత్యేక కచేరీగా విడిగా పెడదాం" అన్నారు ఇంకొందరు. రెండో మాటకే నేను గట్టిగా అడ్డుపడ్డాను. పేరున్న స్వరకర్త డ్వోరాక్ రచనతో పాటు మామూలు కచేరీలోనే ఉండాలన్నాను. ప్రైస్ సింఫనీలో మూడో భాగం జూబా. బానిసత్వంలో మగ్గినవాళ్లు ఒంటి మీదే చేతులతో తాళం వేసుకుంటూ ఆడిన నృత్యం అది. మాకు లయ ఎంతకీ పట్టుబడలేదు. చివరికి మా ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ వాద్యాలన్నీ కింద పెట్టించి, అందరి చేతా తొడల మీద తాళం వేయించారు. వద్దన్నవాళ్లు కూడా వేశారు. మళ్లీ వాద్యాలు చేతికి తీసుకున్నాక లయ దానంతటదే నిలబడింది.

వచ్చే నెల ఆడిషన్లకు పద్నాలుగు మంది పేర్లిచ్చారు. అందులో ఆ బసూన్ అమ్మాయి కూడా ఉంది. వాద్యం అరువు కావాలని ముగ్గురు అడిగారు. మా దగ్గర రెండున్నాయి, బసూన్ మాత్రం లేదు. వాడకుండా ఇంట్లో పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని రోజూ ఫోన్లు చేస్తున్నాను.