గోడ అవతలి బడి

విశాఖపట్నం మధురవాడలో మేముంటున్న అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తు బాల్కనీలో నిలబడితే మా అమ్మాయి చదివే బడి మైదానం కనిపిస్తుంది, ఉదయం ప్రార్థన గంట కూడా వినిపిస్తుంది. అయినా ఆ బడికి నడిచి వెళ్లాలంటే కిలోమీటరున్నర. మా లేఅవుట్‌కూ పక్క లేఅవుట్‌కూ నడుమ ప్రహరీ గోడ ఉండటం వల్ల, ముందువైపు గేటు దాటి, పెద్ద రోడ్డెక్కి, కాలిబాట లేనిచోట లారీలను ఒరుసుకుంటూ చుట్టు తిరగాలి. అందుకే కూతవేటు దూరంలోని బడికి నెల జీతం మీద ఆటో మాట్లాడుకున్నాము.

ఈ చిక్కు గురించి దాదాపు నూరేళ్ల క్రితమే ఆలోచించినవాడు అమెరికా నగర ప్రణాళికావేత్త క్లారెన్స్ పెర్రీ. న్యూయార్క్ వీధుల్లో మోటారు కార్ల కింద పడి పిల్లలు చనిపోతున్న రోజుల్లో, 1929లో ఆయన ఒక నివాస ప్రాంతం ఎలా ఉండాలో లెక్కగట్టి చెప్పారు. ఒక ప్రాథమిక పాఠశాలకు సరిపడా జనం, అంటే 5,000 నుంచి 9,000 మంది, సుమారు 160 ఎకరాల్లో ఉండాలి. నడుమ బడి ఉండాలి. ఏ ఇంటినుంచైనా అది పావు మైలుకు, అంటే 400 మీటర్లకు, అటూ ఇటూగా ఉండాలి. పదో వంతు నేల ఆటస్థలాలకూ పార్కులకూ విడిచిపెట్టాలి. పెద్ద రోడ్లు అంచుల్లోనే ఆగిపోవాలి. వీటన్నింటి వెనకా ఉన్న కోరిక ఒక్కటే: బడికి వెళ్లే పిల్ల పెద్ద రోడ్డు దాటకూడదు. దుకాణాలను కూడా ఆయన అంచులకే పంపారు గానీ, సందు మొదట్లో టిఫిన్ బండీ ఇంటి ముందుకు వచ్చే కూరగాయల తోపుడుబండీ లేని వీధిని మన ఊళ్లో నేను ఊహించలేను. ఆ ఒక్క విషయంలో ఆయన మాట మనకు చెల్లదు.

నేను పెరిగింది ఎంవీపీ కాలనీలో. సెక్టార్లుగా వేసిన కాలనీ కావడంతో వీధులు ఒకదానిలోకి ఒకటి తెరుచుకునేవి. రైతు బజారుకు వెళ్లాలన్నా, స్నేహితుల ఇంటికి వెళ్లాలన్నా రెండు మూడు దారులుండేవి కనుక ఒక దారిలో కుక్కలుంటే ఇంకో దారిన వెళ్లేవాళ్లం. ఆ ప్రణాళిక గొప్పదని ఎవరూ అనుకోలేదు, మేము కూడా అనుకోలేదు.

ఇప్పటి లేఅవుట్లలోనూ పదో వంతు స్థలాన్ని ఖాళీగా విడవాలన్న నిబంధన ఉంది. అయితే ఎంత విడిచారన్నది చూసినంత శ్రద్ధగా ఎక్కడ విడిచారన్నది ఎవరూ చూడటం లేదని నా అనుమానం. మా లేఅవుట్‌లో పార్కు పేరుతో ఉన్నది గెడ్డ (వాగు) గట్టున మిగిలిపోయిన ముక్కోణపు నేల చెక్క. ప్లాటుగా కోస్తే ఎవరూ కొనరు కాబట్టి పిల్లలకు దక్కింది. ఒకవైపు కొండలు, మరోవైపు సముద్రం, నడుమ జాతీయ రహదారి ఉన్న ఈ ఊళ్లో సమతలంగా ఉన్న నేల ఎంత విలువైనదో తెలియనిది కాదు. అందుకే ఆ నేలలో ముందుగా బడికీ మైదానానికీ గుర్తు పెట్టి, ఆ తరువాతనే ప్లాట్లు కోయాలంటాను.

విద్యాహక్కు చట్టం కింద కేంద్రం 2010లో రూపొందించిన నమూనా నిబంధనలు 1 నుంచి 5 తరగతుల పిల్లలకు కిలోమీటరు లోపల, 6 నుంచి 8 తరగతుల వారికి 3 కిలోమీటర్ల లోపల బడి ఉండాలన్నాయి. చేరే దారిలో చిన్నపిల్లలకు ప్రమాదం ఉన్నచోట ఆ దూరాన్ని తగ్గించాలని కూడా అందులోనే ఉంది. రహదారికి ఒకవైపు ఇల్లు, మరోవైపు బడి ఉన్న పిల్లలకు ఈ రెండో వాక్యమే ముఖ్యమైనదని నాకనిపిస్తుంది.

నీడ సంగతి కూడా చెప్పాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఊళ్లోని చెట్లను కూల్చేసిన తరువాతి వేసవిలో, అంతకుముందు అలవోకగా నడిచిన దారులే మా అమ్మకు భారమయ్యాయి. ఏప్రిల్ ఉక్కపోతలో చెట్టులేని 400 మీటర్లు అరవై దాటినవారికి కిలోమీటరుతో సమానం.

మా గోడ విషయానికి వస్తే, అందులో చిన్న గేటు పెట్టించమని అపార్ట్‌మెంట్ సంఘాన్ని రెండేళ్లు అడిగాము. దొంగలు వస్తారని కొందరు, పక్క లేఅవుట్ వాళ్లు మన పార్కులోకి వస్తారని మరికొందరు అన్నారు. ఆ ముక్కోణపు చెక్క కోసం ఎవరు వస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. చివరకు ఈ జూన్‌లో గేటు పెట్టారు. తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిది వరకు తీస్తాడు. సాయంత్రం బడి విడిచే వేళకు అతనికి నీళ్ల మోటారు పని ఉంటుంది కాబట్టి, ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం ఆటోనే.