రిక్వైర్ ఎక్కడ వెతుకుతోంది?

గురువారం, రాత్రి

మాస్టారి పుస్తకానికి పదసూచిక ఈ రోజు ఒక కొలిక్కి వచ్చింది. పొద్దుటి పూట మొత్తాన్ని తినేసింది అక్షరక్రమం కాదు. ఆ క్రమం తెలిసిన ఫైలు (లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినది) పుస్తకాన్ని కూర్చే ప్రోగ్రాం లువాలాటెక్‌కు కనిపించకపోవడం.

సేద్యపు మాటల మీద ఆయన రాసిన వ్యాసాలు అవి. పదసూచిక లేకుండా అలాంటి పుస్తకం అచ్చు వేయకూడదని నా పట్టుదల. తెలుగు మాటలను యూనికోడ్ సంఖ్యల ప్రకారం పేరిస్తే చాలావరకు సరిగానే వస్తాయి. కానీ ఆ పట్టికలో ఱ వచ్చి ర పక్కన, ళ వచ్చి ల పక్కన కూర్చుంటాయి. బడిలో నేర్చిన వర్ణమాలలో ఆ రెండూ హ దాటాక వస్తాయి. మాస్టారికి బడి వరసే కావాలి. అందుకే ఒక చిన్న మాడ్యూల్ (వేరే ప్రోగ్రాములు పిలిచి వాడుకునే లువా ఫైలు) రాసి పుస్తకం ఫోల్డరులోనే పెట్టుకున్నాను. ఇంకో పుస్తకానికి కూడా అది అవసరపడటంతో, రెండింటికీ ఉమ్మడిగా ఉండే ఫోల్డరులోకి నిన్న మార్చాను.

పొద్దున, లువా ఫైళ్ళను విడిగా నడిపే టెక్‌లువాతో పరీక్షిస్తే మాడ్యూల్ చక్కగా పలికింది. అదే మాడ్యూలును పుస్తకం లోపలి నుంచి పిలిస్తే దొరకలేదని లువాలాటెక్ ఆగిపోయింది. లువా మాడ్యూళ్ళను వెతికే దారుల జాబితా ప్యాకేజ్ డాట్ పాత్. దానికి ఉమ్మడి ఫోల్డరును జతచేసే వాక్యం రెండు చోట్లా ఒక్కటే. మాడ్యూలును పిలిచే ఫంక్షన్ కూడా అదే రిక్వైర్. ఒక చోట దొరికి ఇంకో చోట దొరకకపోవడానికి కారణం తేలేదాకా టీ కూడా తాగబుద్ధి కాలేదు.

జవాబు దోషసందేశంలోనే ఉంది. మామూలు లువాలో మాడ్యూల్ దొరకకపోతే ఏయే దారుల్లో వెతికిందో వరసగా చెబుతుంది: ఫలానా ఫోల్డరులో ఈ పేరుతో ఫైలు లేదు, ఫలానా చోట లేదు అని. ఇక్కడ ఒక్క దారి పేరు కూడా లేదు. ప్రీలోడ్ పట్టికలో లేదు, కెపిఎస్ఈ లువా సెర్చర్‌కు దొరకలేదు, కెపిఎస్ఈ సి సెర్చర్‌కు దొరకలేదు, అంతే. వెతుకుతున్నది లువా కాదు, కెపాత్‌సీ (కెపిఎస్ఈ దాని పొట్టి పేరే). టెక్ అనే అచ్చుకూర్పు వ్యవస్థకు కావలసిన ఫైళ్ళనూ ఫాంటులనూ డిస్కు మీద వెతికిపెట్టే లైబ్రరీ ఇదే.

లువా అసలు ఇలా వాడుకోవడానికే పుట్టిన భాష. 1993లో రియో డి జనీరోలోని కాథలిక్ విశ్వవిద్యాలయంలో రూపొందినప్పటి నుంచీ ఇంకో ప్రోగ్రాం కడుపులో ఇమిడిపోవడం దాని స్వభావం. మాడ్యూళ్ళను వెతికే ఫంక్షన్లన్నీ ప్యాకేజ్ డాట్ సెర్చర్స్ అనే పట్టికలో ఉంటాయి, ఆశ్రయమిచ్చిన ప్రోగ్రాం వాటిని మార్చుకోవచ్చు. లువాలాటెక్ లోపల నడిచే ఇంజను లువాటెక్, రెండో దాన్నీ మూడో దాన్నీ తీసేసి తనవి పెట్టింది. కెపాత్‌సీ అప్పటికే మేలుకొని ఉంటే ఇవి దాన్నే అడుగుతాయి, లేకపోతే మామూలు లువా దారికి పోతాయి. పుస్తకం కూర్చేటప్పుడు కెపాత్‌సీ మొదటి నుంచీ మెలకువగానే ఉంటుంది. టెక్‌లువాలో మాత్రం మనం కెపిఎస్ఈ డాట్ సెట్ ప్రోగ్రాం నేమ్ అని పిలిచేదాకా లేవదు. అందుకే పరీక్షలో ప్యాకేజ్ డాట్ పాత్ పనిచేసింది. పుస్తకంలో దానికి దారి చేర్చడం, ఎవరూ తాళం తీయని తపాలా పెట్టెలో ఉత్తరం వేయడంతో సమానం.

లువాటెక్ చేసింది సరైన పనేనని నా గట్టి నమ్మకం. ఫాంటుకు ఒక వెతుకులాట, లువా ఫైలుకు ఇంకొకటి ఉంటే పుస్తకాన్ని వేరే కంప్యూటర్‌కు తీసుకెళ్ళిన రోజున రెండింతల తిప్పలు.

కారణం తెలిశాక పని తేలికైంది. ఇంటి ఫోల్డరులో టెక్స్ఎమ్ఎఫ్, అందులో టెక్, అందులో లువాలాటెక్, దాని కింద మాడ్యూలుకు ఒక ఫోల్డరు. ఫైలును అక్కడ పెట్టి ఫైలు ఎక్కడ దొరుకుతుందో కెపాత్‌సీ ద్వారా చెప్పే కెపిఎస్ఈవిచ్‌ను అడిగితే పూర్తి చిరునామా చెప్పింది. అడిగేటప్పుడు ప్రోగ్రాం పేరు లువాలాటెక్ అని తప్పకుండా ఇవ్వాలి. ఒక్కో ప్రోగ్రాముకు వెతికే దారులు ఒక్కోలా ఉంటాయి కాబట్టి, పేరు ఇవ్వకుండా తెచ్చుకున్న జవాబును నమ్మలేం. సొంత ఫోల్డరు కనుక ఫైళ్ళ జాబితాను మళ్ళీ కట్టించాల్సిన పని కూడా లేదు.

మధ్యాహ్నం ఇదంతా చెబితే, నాతో పనిచేసే కుర్రాడు, "లువాఇన్‌పుట్స్ వేరియబుల్‌లో ఆ ఫోల్డరు పేరు రాస్తే సరిపోయేది కదండీ?" అన్నాడు. లువా ఫైళ్ళను ఏ దారుల్లో వెతకాలో కెపాత్‌సీకి చెప్పే వేరియబుల్ అది. సరిపోతుంది, కానీ లినక్సులో చివర ఒక కోలన్, విండోస్‌లో సెమికోలన్ పెట్టాలి. ఆ చివరి గుర్తుకు అర్థం, దీని తరువాత మామూలు దారుల్లోనూ వెతకమని. అది లేకపోతే మన ఫోల్డరు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు ఫాంటులను ఎక్కించే లువాఓటిఎఫ్‌లోడ్ కూడా దొరకదు, పుస్తకం మొదటి పేజీకి ముందే ఆగిపోతుంది. పైగా వేరియబుల్ ఈ ఒక్క కంప్యూటర్‌దే. రేపు కుర్రాడు తన దగ్గర పుస్తకం తెరిస్తే మళ్ళీ మొదటికే వస్తుంది.

సి భాషలో రాసి కంపైల్ చేసిన మాడ్యూళ్ళ గురించి కూడా అడిగాడు. వాటిని వెతికే దారులు సిలువాఇన్‌పుట్స్‌లో ఉంటాయి. 2019 టెక్‌లైవ్ (టెక్ ప్రోగ్రాములన్నిటినీ కలిపి ఇచ్చే సంకలనం) నుంచి లువాటెక్ లోపల ఉన్నది లువా 5.3, కనుక 5.4 కోసం కట్టినవి తెచ్చి పెడితే నడవవు. అతనికి కావలసింది ఎల్‌పెగ్, అంటే పాఠంలో నమూనాలను పోల్చి వెతికే లైబ్రరీ. అది లువాటెక్‌లోనే ఉంది, వెతకనక్కర్లేదు.

సాయంత్రానికి సూచిక పేజీలు వచ్చాయి. 2020 నుంచి లువాలాటెక్ వెనుక, అక్షరాల రూపాలను కుదిర్చే హార్ఫ్‌బజ్ కూడా ఉండటంతో, ఫాంటు దగ్గర ఆ పేరు ఇస్తే ఒత్తులు వాటి చోట్లలో కుదురుగా కూర్చుంటున్నాయి. "కళ్ళం", "కుళ్ళు" రెండూ మాస్టారు అడిగిన చోటికే చేరాయి. ఆయనకు ఫోను చేసి చెబితే, "సంతోషం బాబూ. మరి పాత వ్యాసాల్లో బండి ఱతో రాసిన మాటలున్నాయి. వాటిని విడిగా చూపిస్తావా, మామూలు రతో కలిపేస్తావా?" అని అడిగారు. విడిగానే ఉంచి, మామూలు ర దగ్గర "ఱ చూడండి" అని ఒక పంక్తి ఇద్దామన్నాను. ఆ పాత మాటల జాబితా రేపు పంపుతానన్నారు.