వైరు లేని హెడ్‌ఫోన్స్‌తో షూటింగ్: నా అనుభవం

కెమెరా పట్టుకుని ముందుకీ వెనక్కీ నడుస్తుంటే హెడ్‌ఫోన్ వైరు మోచేతికి చుట్టుకునేది. ఆ చికాకు భరించలేక తక్కువ ధరలో బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ కొన్నాను. నా కెమెరా బ్లూటూత్‌లో ఆడియో పంపదు కాబట్టి దాని హెడ్‌ఫోన్ జాక్‌కి చిన్న ట్రాన్స్‌మిటర్ తగిలించాను.

మొదటి ఇంటర్వ్యూలోనే గుండె జారింది. పెదాలు ముందు కదులుతున్నాయి, మాట తర్వాత వినిపిస్తోంది. షూట్ ఆపేసి కార్డులోని క్లిప్ చూశాను. అక్కడ మాట, పెదాలు చక్కగా కలిశాయి. ఆలస్యమంతా నా చెవికి చేరే దారిలోనే ఉంది.

ఎంత ఆలస్యమో కొలిచాను. హెడ్‌ఫోన్ కప్పును ఫోన్ రికార్డర్‌కి ఆనించి, కెమెరా మైక్ దగ్గర చేతులు ఒక్కసారి గట్టిగా చరిచాను. ఆ రికార్డింగ్‌ని ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద పెడితే చప్పుడు రెండుసార్లు కనిపించింది: ఒకటి నేరుగా వచ్చింది, రెండోది హెడ్‌ఫోన్ లోంచి వచ్చింది. మధ్యలో సుమారు 200 మిల్లీసెకన్లు. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన 5 ఫ్రేములు! ట్రాన్స్‌మిటర్, హెడ్‌ఫోన్స్ రెండింటిలోనూ ‘ఆప్ట్ఎక్స్ లో-లేటెన్సీ’ (ఆలస్యం తగ్గించే బ్లూటూత్ ఆడియో పద్ధతి) ఉంటే ఇది 40 దరిదాపులకు, అంటే ఒక్క ఫ్రేముకు తగ్గుతుంది. నా హెడ్‌ఫోన్స్‌లో అది లేదు. గాలిలోంచి వచ్చే గొంతు, ఆలస్యంగా వచ్చే గొంతు కలిసి తికమక పెట్టేవి. నాయిస్ క్యాన్సిలింగ్ ఆన్ చేశాక మైక్‌కి పడుతున్నదే స్పష్టంగా వినబడింది.

ఇప్పటికీ బాధ పెట్టే పొరపాటు వేరే ఉంది. ఒక షూట్‌లో గొంతు పగిలినట్టు వినిపించింది. కెమెరా ఆడియో మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గరే, అంటే మామూలు స్థాయిలోనే ఆడుతోంది, అయినా చెవినే నమ్మి మైక్ గెయిన్ (రికార్డయ్యే శబ్దం స్థాయి) బాగా తగ్గించేశాను. ఎడిటింగ్‌లో గొంతు పెంచితే దాంతో పాటు జోరుగా హిస్ (బుస్సుమనే రొద) లేచింది. అసలు కారణం కెమెరా హెడ్‌ఫోన్ వాల్యూమ్ ఎక్కువ పెట్టడం. ఆ సిగ్నల్ బలానికి ట్రాన్స్‌మిటర్ తట్టుకోలేకపోయింది. ఆనాటి నుంచి కెమెరా వాల్యూమ్ తగ్గించి, హెడ్‌ఫోన్‌లో పెంచుకుంటున్నాను. షూట్ మొదలయ్యే ముందు వైరు ఇయర్‌ఫోన్స్‌తో ఒక నిమిషం వింటాను. ఆ తర్వాతే వైర్‌లెస్‌కి మారతాను.

వైర్‌లెస్ కాలర్ మైక్ కూడా బ్లూటూత్ లాగే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల్లోనే పనిచేస్తే అప్పుడప్పుడు చిటపటలు వస్తాయి. అది మైక్‌దో హెడ్‌ఫోన్‌దో అక్కడికక్కడే తేల్చలేను. మొహమాటపడకుండా ఆ వాక్యం మళ్లీ చెప్పమని అడుగుతాను.