నోరు విప్పని పాప, పళ్ళెం నిండా బొరుగులు

బడి తెరిచిన మొదటి నెల పిల్లలు ఏడ్చినా, మూలన కూర్చున్నా నేను పెద్దగా పట్టించుకోను. గమనించడం మొదలుపెట్టేది జులైలో. తిరుపతిలో మా నర్సరీ గదిలో 22 మంది. అందులో మూడున్నరేళ్ళ పాప ఒకతె అప్పటికీ ఒక్క మాట ఆడలేదు.

ఒంటరిగా దిమ్మెలు పేర్చుకుంటూ తనలో తాను కబుర్లాడుకునే పిల్లను కదపక్కర్లేదు. ఆ వయసుకు అదీ ఆటే. ఈ పాప సంగతి వేరు. చేతిలో బొమ్మ ఉన్నా ఆడదు, కళ్ళు మాత్రం ఇసుక తొట్టి దగ్గరి పిల్లల వెంటే తిరుగుతాయి. చేరాలని ఉంది, ఎలా చేరాలో తెలియదు.

ఇంట్లో మాట్లాడేటప్పుడు ఫోన్‌లో ఒక నిమిషం తీసి పంపమని వాళ్ళమ్మను అడిగాను. వింటే గలగలా తమిళం! వాళ్ళది నగరి వైపు. ఇంట్లో ఒక భాష, బడిలో తెలుగు, పాటలేమో ఇంగ్లీషు. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్నాళ్ళు విని ఊరుకుంటారు.

మొదట నేనే చెడగొట్టాను. వరసగా పేర్లు చెప్పిస్తూ తన వంతు రాగానే "చెప్పమ్మా, చెప్పు" అని వెంటపడ్డాను. అందరూ తనవైపే తిరిగారు. గౌను అంచు నోట్లో పెట్టుకుంది. నాలుగు రోజులు నా దగ్గరికే రాలేదు.

దాంతో మాట సంగతి వదిలేశాను. పావుగంట ముందే తీసుకురమ్మన్నాను. గోలగా ఉన్న గదిలోకి అడుగుపెట్టడం పెద్దవాళ్ళకే కష్టం. తను ముందుండి మిగతావాళ్ళు ఒక్కొక్కరే వస్తే అంత బెదురుండదు. రాగానే చాపలు పరిచే పని అప్పజెప్పాను. ఎదురుగా కాకుండా పక్కన కూర్చుని, తను చేస్తున్నదే నేను పైకి అనేదాన్ని: "నీళ్ళు పోశావే, బొక్కెన నిండింది." వారం పోయాక "ఎర్రదా, పచ్చదా?" అని అడిగి, లోపల ఐదు దాకా లెక్కపెట్టుకునేదాన్ని. వేలు చూపినా జవాబే.

ఇలాంటి పిల్లలు ఒంటికి వెళ్ళాలని కూడా అడగరు. బిగబట్టుకుని, నీళ్ళు తాగడం మానేస్తారు. చాలామంది ఇది కనిపెట్టరు. చిటికెన వేలు చూపిస్తే చాలన్నాం. చూపించకపోయినా పదిన్నరకు అందరితో పాటు తీసుకెళ్ళేవాళ్ళం.

తోడుగా హుషారైన పిల్లను పెట్టలేదు, వాళ్ళయితే బదులు తామే చెప్పేస్తారు. తనకంటే ఆరు నెలలు చిన్నదైన నెమ్మదస్తురాలిని ఎంచుకున్నాను. ఇద్దరికీ కలిపి ఒక పళ్ళెం బొరుగులు, ఒక గరిటె, మూతి సన్నగా ఉన్న డబ్బా. ఒకరు పట్టుకుంటేనే ఇంకొకరు పోయగలరు. రోజూ పది నిమిషాలు, అదే జోడీ, అదే చోటు. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో డబ్బా జారి బొరుగులన్నీ చాప మీద పడ్డాయి. "ఐయో, కొట్టిడుచ్చు" (అయ్యో, ఒలికిపోయింది) అంది, గుసగుసగా, తమిళంలోనే. రెండో పాప "ఏరుదాం రా" అంది. నేను తలెత్తలేదు. అప్పుడు చప్పట్లు కొట్టి ఉంటే మళ్ళీ నోరు మూతపడేది.

రెండు వారాలకు మూడో పిల్లను కలిపాం. వాళ్ళమ్మకు రెండే చెప్పాను: పిల్ల వింటుండగా "మా పాపకు సిగ్గెక్కువ" అనొద్దు. ఆదివారం ఆ జోడీ పాపను ఇంటికి పిలవండి, గంట చాలు, పంచుకోలేని బొమ్మలు ముందే దాచేయండి.

ఆగస్టు ఆఖరుకు కూడా మార్పు లేకుంటే డాక్టరుకు చూపించాలని ముందే అనుకున్నాం. ఇంట్లో బాగా మాట్లాడే పిల్ల, బడి భాష వచ్చి కూడా, మొదటి నెల దాటాక ఇంకో నెలకు పైగా బడిలో నోరు విప్పకపోతే అది సెలెక్టివ్ మ్యూటిజం కావచ్చు. దానికి మూలం భయం, మొండితనం కాదు. ఇంట్లో కూడా పిలిస్తే పలకకపోతే ముందు చెవుల పరీక్ష చేయించాలి.

దసరా సెలవుల తర్వాత మళ్ళీ మూగబోయింది. ముగ్గురి ఆటను ఇద్దరికి తగ్గిస్తే వారంలో సర్దుకుంది. హాజరు పిలిచేటప్పుడు ఇప్పటికీ చెయ్యే ఎత్తుతుంది. నేనూ టిక్కు పెట్టేసి తర్వాతి పేరు పిలుస్తాను.