బీపీ ఎంతమందికి ఉందన్నది సగం లెక్కే

మా ఇంట్లో బీపీ అనే మాట చాలాకాలం కోపానికి మారుపేరుగానే చెలామణీ అయింది. మూడేళ్ల క్రితం మా పెదనాన్నగారికి పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయినప్పుడు, ఆయనకు అంతకుముందే బీపీ ఉందని తెలుసుననీ, ఒంట్లో బాగానే ఉందని బిళ్లలు మానేశారనీ బయటపడింది. వివిధ దేశాల రక్తపోటు గణాంకాలను నేను శ్రద్ధగా చదవడం అప్పటినుంచే మొదలైంది.

30 నుంచి 79 ఏళ్ల మధ్య వయసువారిలో అధిక రక్తపోటు ఉన్నవారు 1990లో సుమారు 65 కోట్లు కాగా, 2019 నాటికి ఆ సంఖ్య దాదాపు 128 కోట్లకు చేరిందని 2021లో లాన్సెట్ అనే వైద్య పరిశోధన పత్రిక ప్రచురించిన అంతర్జాతీయ అధ్యయనం తెలిపింది. పరాగ్వేలో మగవారిలో సగానికి మించి ఈ సమస్య ఉంటే, కెనడా, పెరూలలో అది సుమారు నలుగురిలో ఒకరికే ఉంది. పత్రికలు సాధారణంగా ఈ వరుసక్రమం దగ్గరే ఆగిపోతాయి.

అయితే కొలబద్ద ఒకటే అయినప్పుడే పోలికకు అర్థముంటుంది. ఈ అధ్యయనం 140/90ని హద్దుగా తీసుకుని, మందులు వాడుతున్నవారిని కూడా కలుపుకుంది. అమెరికా హృద్రోగ నిపుణుల సంఘాలు 2017లో ఆ హద్దును 130/80కి దించగానే, కొత్తగా ఎవరికీ జబ్బు చేయకుండానే, అక్కడి పెద్దవారిలో రక్తపోటు ఉన్నవారి వాటా సుమారు 32 శాతం నుంచి 46 శాతానికి పెరిగింది.

నా దృష్టిలో అసలు తేడా ఆ తర్వాతి మెట్లలో ఉంది: జబ్బున్నట్టు ఎందరికి తెలుసు, వారిలో ఎందరు మందులు వాడుతున్నారు, ఎందరికి అది అదుపులోకి వచ్చింది. దక్షిణ కొరియా, కెనడా, ఐస్‌లాండ్‌లలో రక్తపోటు ఉన్నవారిలో 70 శాతానికి పైగా చికిత్స పొందుతున్నారు, సగం మందికి పైగా అదుపులో ఉంది. నేపాల్, ఇండోనేషియాలలో చికిత్స అందుతున్నది మగవారిలో అయిదో వంతుకైనా కాదు. ఇదంతా డబ్బు మహిమే అనుకుందామంటే, అంత సంపన్న దేశం కాని కోస్టారికా చికిత్సలో జర్మనీ సరసన నిలిచింది. కెనడా సైతం పుట్టుకతో ఇలా లేదు. అక్కడ రక్తపోటు ఉన్నవారిలో అది అదుపులో ఉన్నవారి వాటా 1990ల ఆరంభంలో 13 శాతం కాగా, 2009 నాటికి 65 శాతం దాకా వచ్చింది.

మన దేశంలో 18 కోట్లకు పైగా మందికి రక్తపోటు ఉందని, వారిలో 37 శాతానికే ఆ సంగతి తెలుసునని, 30 శాతం మందులు వాడుతున్నారని, అదుపులో ఉన్నది 15 శాతానికేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో పేర్కొంది. ఇందులో ఊరగాయలోని ఉప్పు పాత్ర కొంత ఉంటుంది గానీ, ఆవకాయను నిందిస్తూ కూర్చుంటే ఆ 37 శాతం పెరగదు. 2017లో తెలంగాణ సహా అయిదు రాష్ట్రాలలో ఆరంభమైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమం నన్ను ఆకట్టుకోవడానికి కారణం దాని సాదాతనమే: డాక్టరును బట్టి మారిపోని ఒకే చికిత్సా క్రమం, ఆమ్లోడిపిన్ వంటి చవకైన మందులు, రాని రోగిని గుర్తుపట్టే కార్డు.

పెదనాన్నగారు ఇప్పుడు ప్రతి నెలా మొదటి వారంలో ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి బిళ్లలు తెచ్చుకుంటున్నారు. పోయిన నెల ఆయన కార్డు మీద 152/94 అని రాసి ఉంది. ఆ గణాంకాల లెక్కన ఆయన చికిత్స పొందుతున్నవారిలో చేరారు గానీ, అదుపులో ఉన్నవారిలో ఇంకా చేరలేదు.