పాములేరు ఒడ్డున గుచ్చిన పుల్ల

మన బడి పాత విద్యార్థుల ఈ సంచికకి ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు పదో తరగతి మార్కులు గానీ వార్షికోత్సవం నాటకాలు గానీ గుర్తుకు రాలేదు. ఏటి ఒడ్డున ఇసుకలో గుచ్చిన ఒక వెదురుపుల్ల గుర్తొచ్చింది. 1993 అక్టోబరులో, రెండో శనివారం ఆదివారం కలిపి, మన స్కౌట్ మాస్టారు 22 మందిమి ఉన్న మా బ్యాచ్‌ని మారేడుమిల్లి అడవికి తీసుకెళ్లారు. ఆ పుల్ల అప్పటిది.

ఇప్పుడు మారేడుమిల్లి అంటే కార్లు, రిసార్టులు, రోడ్డు పక్కన బొంగులో చికెన్. అప్పుడు ఏజెన్సీ అంటే ఇళ్లల్లో రెండు భయాలు. ఒకటి చలిజ్వరం, రెండోది అన్నలు. 1987 డిసెంబరులో గుర్తేడు దగ్గర ఐఏఎస్ అధికారుల్ని నక్సలైట్లు ఎత్తుకుపోయిన సంగతి పెద్దవాళ్లు ఇంకా మరచిపోలేదు. మాస్టారు సైకిలేసుకుని ఒక్కొక్కరి ఇంటికీ వచ్చారు. మా అమ్మ "పిల్లాడికి జ్వరం తగులుకుంటే ఎలాగండీ?" అంటే, జేబులోంచి క్లోరోక్విన్ మాత్రల పొట్లం తీసి చూపించి, "నేను కూడా వేసుకుంటానమ్మా, వాడితో పాటే" అన్నారు. ఆ మాటతో అమ్మ ఒప్పుకుంది. ఆ మాత్ర చేదు నా నాలుక మీద ఇంకా ఉంది.

రాజమండ్రి నుంచి 80 కిలోమీటర్ల పైచిలుకు. గోకవరం దాటాక పొలాలు పలచబడ్డాయి, రంపచోడవరం దాటాక కొండలు రెండువైపులా దగ్గరికొచ్చేశాయి. బస్సు టాపు మీద కాన్వాసు గుడారాలు, తాళ్లు, గుండిగ, బియ్యం. కోడిగుడ్లు మాత్రం ఊక నింపిన డబ్బాలో పెట్టి నా ఒళ్లోనే ఉంచుకున్నాను. 1922 నుంచి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నడిపిన రంప పోరాటం ఈ కొండల్లోదేనని మాస్టారు చెబుతుంటే, పాఠంలో ఒక ప్రశ్నగా చదువుకున్నది కిటికీ బయట కనబడుతున్నట్టు అనిపించింది.

మారేడుమిల్లిలో దిగి వాలమూరు వైపు నడిచాం. అక్కడ పాములేరు వాగు అడవిలోంచి వస్తుంది. ఒడ్డున నిలబడితే ఎదురుగా కొండ. వాలీ సుగ్రీవులు కొట్టుకున్నది అక్కడేనని చెప్పుకుంటారు. నీళ్లు మోకాలి లోతు, అడుగున గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు. ఒడ్డున తెల్లటి ఇసుకమేట, ఇంట్లో అలికి పెట్టినంత చదునుగా ఉంది. ఎవరూ చెప్పకుండానే అందరం గుడారాలు అక్కడే దించేశాం.

రెండు గుడారాలు లేచాక, భుజాన గొడ్డలితో ఒక కొండరెడ్డి పెద్దాయన అటుగా వచ్చి ఆగాడు. కొండరెడ్ల ఇంటిభాష తెలుగే. అయినా ఆయన మాట మా గోదావరి మాటకన్నా నెమ్మదిగా, ఒక్కో మాట దించినట్టుగా ఉంది. "ఇక్కడొద్దు బాబూ. ఇది వాగు పడుకునే చోటు. పైకి పోండి" అన్నాడు.

మాకెవరికీ నచ్చలేదు. ఆకాశంలో మబ్బు తునక లేదు. పైన చూస్తే వేళ్లు, రాళ్లు, ముళ్లకంపలు. మాస్టారు ఆయన్ని రెండే ప్రశ్నలు అడిగారు, ఎంత ఎత్తుకి వస్తుంది, ఎంతసేపట్లో వస్తుంది అని. పెద్దాయన ఒక చెట్టు దగ్గరికి నడిచి, మా తలల కన్నా పైన కొమ్మకి చిక్కుకున్న ఎండుగడ్డి చూపించాడు. అది వరద వదిలి వెళ్లిన గడ్డి. మాస్టారు ఇంకేమీ అనకుండా మొదటి మేకు తనే పీకారు.

సామానంతా పైకి మోశాక మమ్మల్ని నీళ్ల దగ్గరికి తీసుకెళ్లి, ఒక వెదురుపుల్ల నరికి, దానికి వేలెడు దూరంలో గాట్లు పెట్టారు. అడుగు గాటు నీటికి తగిలేలా ఇసుకలో గుచ్చారు. "అరగంటకోసారి ఒకడు వచ్చి చూసి రాయాలి. పుల్ల చూడకుండా ఎవరూ నీళ్లలో దిగకూడదు."

అప్పుడాయన చెప్పిన మాటల కోసమే నేనిదంతా రాస్తున్నాను. మనం గోదావరి ఒడ్డున పుట్టి పెరిగినవాళ్లం. మనకి వరదంటే భద్రాచలంలో 43 అడుగులు, 48 అడుగులు అని రేడియోలో వినబడేది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అంటే గోదావరి ముందు కబురు పెట్టి వస్తుంది. కొండవాగుకి ఆ అలవాటు లేదు. నిటారు కొండల మీద పడ్డ వాన నేలలోకి ఇంకే తీరిక లేక ఒక్కసారే వాగులోకి జారుతుంది. వాన ఎక్కడో పైన పడుతుంది, మన నెత్తిన ఎండ కాస్తూనే ఉంటుంది. అందుకని ఆకాశం కాదు, నీటిని చూడాలి. రంగు మారిందా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయా, చప్పుడు బొంగురుపోయిందా?

ఆ సాయంత్రం పెద్దాయన ఇంటినుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చి మాకు బొంగులో కోడి చేసి చూపించారు. పచ్చి వెదురు కణుపు కింద కోసి, ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించిన ముక్కలు కూరి, మూతిలో ఆకులు బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కూర్చున్నారు. చుక్క నూనె లేదు. బొంగు పైన నల్లబడి, మూతి దగ్గర నీళ్లు బుసబుసా పొంగి ఆరిపోయాక, నేలకేసి తట్టి ఆకుల్లోకి దులిపారు. పచ్చి వెదురు వాసన ముక్కలోకి దిగి ఉంటుంది. ఇప్పుడు రోడ్డు పక్క ఎంత బాగా చేసినా, నాకు ఆ వాసన కోసమే వెతుకులాట.

పుల్ల చూసే వంతు మా పెట్రోల్‌ది, అంటే మా స్కౌట్ జట్టుది. నాలుగున్నరకి కదలిక లేదు. ఐదుకి ఒక గాటు మునిగింది. ఐదున్నరకి మూడు. నీళ్లు తేటగా ఉన్నవి టీ రంగుకి తిరిగాయి. నేను పరిగెత్తుకెళ్లి చెబితే మాస్టారు విజిల్ ఊది తలలు లెక్కపెట్టారు. 22. మళ్లీ లెక్కపెట్టారు. చీకటి పడేసరికి పుల్ల కనబడలేదు, ఇసుకమేట కనబడలేదు. అడుగున గుండ్లు దొర్లుతుంటే నేల అదిరినట్టు పాదాలకి తెలిసింది. మా మీద మాత్రం ఒక్క చినుకు పడలేదు. ఆ రాత్రి ఎవరమూ పెద్దగా మాట్లాడుకోలేదు. మాస్టారు లాంతరు పక్కన పెట్టుకుని వాగు వైపు తిరిగి తెల్లారేదాకా కూర్చున్నారు.

పొద్దున్నకి నీళ్లు తీశాయి. మేం ముందు గుడారం వేసిన చోట ఒక పెద్ద మాను అడ్డంగా పడి ఉంది, వేళ్లతో సహా. పెద్దాయన వచ్చి దాన్ని ఒకసారి చూసి, ఏమీ అనకుండా మాకు జీలుగు చెట్టు చూపిస్తానని కొండమీదికి తీసుకెళ్లాడు.

2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గరి జలతరంగిణి జలపాతంలో హఠాత్తుగా పెరిగిన ప్రవాహానికి కొట్టుకుపోయి ముగ్గురు వైద్య విద్యార్థులు చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. వాళ్ల వయసు పిల్లలు మన బ్యాచ్‌లో చాలామందికి ఉన్నారు. ఈ సంచిక వాళ్ల చేతిలో కూడా పెట్టండి, ఈ పేజీ చదివించండి. మాస్టారు ఉండి ఉంటే ప్రతి ఇంటికీ సైకిలేసుకుని వచ్చి తనే చెప్పేవారు.

మొన్న జనవరిలో మా అమ్మాయితో పాములేరు దగ్గరికి వెళ్లాను. అది చెప్పులు విడిచేసి నీళ్లలోకి నడవబోయింది. ఆపి, ఒక పుల్ల విరిచి, కత్తితో గాట్లు పెట్టి ఒడ్డున గుచ్చాను. ఎందుకని అడిగితే ఇక్కడ రాసిందంతా చెప్పాను. అది ఫోను పక్కన పెట్టి పుల్ల ముందు గొంతుక్కూర్చుంది. గంట గడిచింది. "అలాగే ఉంది నాన్నా, రంగు కూడా తేటగానే ఉంది" అంది. అప్పుడు నేనూ చెప్పులు విడిచాను.