షెడ్డు వర్క్‌షాపుకి పైకప్పుగా ఏది వేయాలి?

పెరట్లో షెడ్డు వేసి వర్క్‌షాపు పెట్టుకునేవాళ్లు పైకప్పు అనగానే వాన కారకపోతే చాలనుకుంటారు. ఒక్క చుక్క కారకపోయినా లోపల రంపాలు, ఉలులు తుప్పు పడతాయి, కారణం పైన వేసిన ఒట్టి ఇనుప రేకే. మబ్బులేని రాత్రి రేకు తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది, దాంతో లోపలి గాలిలోని తేమ రేకు అడుగున చెమ్మగా పట్టి, తెల్లారేసరికి బొట్లుబొట్లుగా బల్ల మీద రాలుతుంది. మధ్యాహ్నం అదే రేకు కింద నిలబడలేం.

అందుకే నా ఓటు అడుగున ఇన్సులేషన్ (వేడి, చలి దిగకుండా ఆపే పొర) ఉన్న కలర్ కోటెడ్ స్టీలు రేకుకే. 0.5 మిల్లీమీటర్ల మందం చాలు. అల్యూమినియం, జింకు కలిపిన పూతైతే మామూలు జింకు పూత కంటే ఎక్కువకాలం మన్నుతుంది. రెండు రేకుల మధ్య ఫోమ్ నింపిన ప్యానెళ్లు ఇంకా మంచివి. మామూలు రేకు వేసి కింద ఫోమ్ షీటు కడితే మాత్రం మధ్యలో ఖాళీ లేకుండా అంటించాలి, సందులోంచి తేమగాలి రేకుని తాకిందంటే మళ్లీ చెమ్మే.

పెంకులు చల్లగా ఉంటాయి, చూడటానికీ నాకు అవే ఇష్టం. కానీ చదరపు మీటరుకి దాదాపు 40 కిలోల బరువు, స్టీలు రేకైతే 5 కిలోల లోపే. సన్నటి వాసాలతో కట్టిన షెడ్డు అంత బరువు మోయదు, పైగా పెంకులకి వాలు బాగా ఎక్కువ ఉండాలి.

పాత సిమెంట్ రేకులు ఊరికే వస్తున్నాయని ఎవరైనా అంటే దయచేసి తీసుకోకండి. వాటిలో ఆస్బెస్టాస్ అనే పీచులాంటి ఖనిజం ఉంటే, కోసినా బెజ్జం వేసినా కంటికి కనిపించని పీచు గాల్లోకి లేస్తుంది. ఆస్బెస్టాస్‌లో ఏ రకమైనా క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. రోజూ గంటలకొద్దీ పనిచేసే చోట అది నెత్తిమీద ఎందుకు?

వెలుతురు కోసం ఒక వరస పాలికార్బొనేట్ (వెలుతురుని లోపలికి రానిచ్చే గట్టి ప్లాస్టిక్) షీటు వేసుకోవచ్చు. ఎండలోని యూవీ కిరణాలను ఆపే పూత ఉన్న వైపే పైకి రావాలి, తిరగేస్తే పసుపు పడి పెళుసెక్కుతుంది.

బిగించేటప్పుడు స్క్రూ కింద రబ్బరు వాషర్ కాస్త నొక్కుకునే వరకే తిప్పండి, పక్కలకి ఉబికి వచ్చిందంటే ఎక్కువైనట్టు, కారేది అక్కడే. రేకుని గ్రైండర్‌తో కోయనివ్వకండి. ఆ నిప్పురవ్వలు పూతని కాల్చేస్తాయి, రాలిన ఇనుపరజను ఒక్క వానకే ఎర్రటి చుక్కలుగా తేలుతుంది. రేకు కత్తెర చాలు, కోసిన అంచుకి అప్పుడే రంగు వేసేయండి.